ట్రక్కు బానెట్ మీద సంతకం

గ్యారీ డీన్ హాల్‌కోమ్ ఏటా ఆగస్టులో తన ఏజెంట్లందరినీ పెద్ద హోటలుకి పిలిచి, వేదికెక్కి, చొక్కా చేతులు మోచేతులదాకా మడిచి ఒకే మాట చెప్పేవాడు.

"నా దగ్గర పనిచేసేవాళ్ళకి నేను తాళం వెయ్యను. వెళ్ళిపోవాలనుకున్నోళ్ళు కాగితం తెచ్చి బయట నా ట్రక్కు బానెట్ మీద పెట్టండి. అక్కడే నిలబడి సంతకం పెట్టేస్తా. ఎందుకని కూడా అడగను."

హాలంతా చప్పట్లే చప్పట్లు. కొత్తగా చేరినవాళ్ళయితే లేచి నిలబడి మరీ కొట్టేవాళ్ళు. ఆ మాటకి పడిపోయి చేరినవాళ్ళే సగంమంది. వెల్డా స్టిడమ్ కూడా అలా చేరినదే. ఇన్నేళ్ళలో ఆ బానెట్ మీద కాఫీ కప్పులు పెట్టారు, వేటాడిన జింకని పడుకోబెట్టి ఫోటోలు తీసుకున్నారు, కాగితం మాత్రం ఎవరూ పెట్టలేదు.

ఈ వ్యాపారం తెలియనివాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలి. ఇన్సూరెన్స్ కంపెనీకీ ఏజెంటుకీ మధ్య గ్యారీ డీన్ లాంటి మార్కెటింగ్ సంస్థవాడు ఒకడుంటాడు. ఏజెంటు పేరు అతని కొక్కేనికి తగిలించి ఉంటుంది. ఏజెంటు ఇల్లిల్లూ తిరిగి రాసిన ప్రతి పాలసీలోనూ అతనికో వాటా. ఇంకొకరి కొక్కేనికి మారాలంటే విడుదల కాగితం మీద అతనే సంతకం పెట్టాలి. పెట్టనన్నాడా, ఆరు నెలలపాటు కొత్త పాలసీ ఒక్కటి కూడా రాయకుండా కూర్చోవాలి. అప్పుడు ఎవరి సంతకంతోనూ పనిలేకుండా కొక్కెం దానంతటదే ఊడుతుంది. మా కెంటకీ కొండల్లో మొగుణ్ణి వదిలించుకోవడం దీనికంటే తేలిక.

వెల్డా అంతకుముందు బొగ్గు గని ఆఫీసులో జీతాల కిటికీ వెనక కూర్చునేది. గని మూతపడ్డాక ఒకరోజు హోటల్లో కాఫీ ముందు పెట్టుకుని ఏడుస్తుంటే గ్యారీ డీన్ ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. ఇద్దరూ ఒకే బడిలో చదివినవాళ్ళు. "ఈ కౌంటీలో నీకు తెలియని ముసలాళ్ళు లేరు. వాళ్ళకి ఇన్సూరెన్స్ అర్థమయ్యేలా చెప్పు చాలు" అన్నాడు. మొదటి ఏడాది తనే కారులో తిప్పి పని నేర్పాడు. కుక్క మొరిగితే గుమ్మం ఎలా ఎక్కాలో కూడా అతనే చెప్పాడు. ఆ మేలు వెల్డా మర్చిపోలేదు. అతనూ ఆమెని మర్చిపోనివ్వలేదు.

ఆ ఏడాది వచ్చిన చిక్కు ఇది. అరవై అయిదు దాటినవాళ్ళు వచ్చే ఏడాదికి ఏ వైద్యం ప్లాన్ కావాలో ఏటా శరదృతువులోనే తేల్చుకోవాలి. అక్టోబరు నడుమ మొదలై డిసెంబరు మొదటి వారంతో ఆ గడువు అయిపోతుంది. మా కౌంటీలో ఎక్కువమందికి ఉన్న పాత ప్లాన్‌ని కంపెనీ ఎత్తేసింది. అందరూ కొత్తది వెతుక్కోవాలి. మిగిలినవి రెండు. ఒకటి రిడ్జ్‌లైన్. దానికి ఆడంబరం లేదు, కానీ మా గుట్ట మీది ఆసుపత్రి అందులో ఉంది, అక్కడి వైద్యానికి అదే డబ్బు కడుతుంది. రెండోది సిల్వర్ మెడో. దాంట్లో పళ్ళ వైద్యం ఉంది, ఊరికే సరుకులు కొనుక్కునే కిరాణా కార్డుంది, చేరినరోజే చేతికి తినేవాటి బుట్ట ఇస్తారు. గుట్ట మీది ఆసుపత్రి మాత్రం లేదు. జబ్బు చేస్తే కొండ దాటి అవతలి కౌంటీకి పోవాలి, మంచు పడితే ఆ దారిలో బొగ్గు లారీలే వెనక్కి తిరుగుతాయి.

గ్యారీ డీన్ ఆ ఆగస్టులో వేదికెక్కి, ఈసారి మనం సిల్వర్ మెడో ఒక్కటే అమ్ముతున్నాం అన్నాడు. రిడ్జ్‌లైన్ అమ్మే అనుమతి తన ఏజెంట్లెవరికీ ఈ ఏడాది తీసుకోలేదట. ఎక్కువ అమ్మినవాళ్ళకి బహామా దీవులకి ఓడ ప్రయాణం. వెనక తెర మీద ఓడ బొమ్మ పడింది. ఈలలు వేశారు.

వెల్డా కుర్చీలోంచే అడిగింది. "గుట్ట మీది ఆసుపత్రి ఉందా అందులో?"

"వెల్డా! అందులో ఓడుంది తల్లీ, ఇంకేం కావాలి నీకు?" అన్నాడు. హాలు గొల్లుమంది. వెల్డా ఒళ్ళు మండిపోయింది. ఈ నవ్వేవాళ్ళలో ఒక్కరైనా శీతాకాలంలో ఊపిరాడని మనిషిని వెనక సీట్లో పడుకోబెట్టుకుని ఆ కొండ దిగారా అనిపించింది.

లెక్సింగ్టన్‌లో ఒక చిన్న సంస్థ రెండు ప్లాన్లూ అమ్మనిస్తుందని ఆమెకి తెలుసు. విడుదల కాగితం నింపి, సభ అయ్యాక పార్కింగులోకి వెళ్ళింది. గ్యారీ డీన్ ట్రక్కు చుట్టూ మనుషులు సిగరెట్లు కాలుస్తూ నిలబడ్డారు. వెల్డా వాళ్ళ మధ్యలోంచి వెళ్ళి కాగితాన్ని బానెట్ మీద పరిచి, గాలికి ఎగరకుండా దాని మీద పెన్ను పెట్టింది.

"ఏంటిది?" అన్నాడు గ్యారీ డీన్.

"కాగితం."

"కాగితమని నాకూ కనబడుతోందిలే."

"బానెట్ నీది. పెన్ను నాది. కానివ్వు మరి."

సిగరెట్లు నోటిదాకా వెళ్ళి ఆగిపోయాయి. గ్యారీ డీన్ నవ్వాడు. అతను నవ్వితే నిజానికి బాగుంటాడు.

"ఎండకి తలగాని తిరిగిందా ఏంటి నీకు?"

"ఎందుకని అడగనన్నావుగా!"

"ఎందుకని అడగట్లేదే. తల తిరిగిందా అని అడుగుతున్నా." చుట్టూ నిలబడ్డవాళ్ళు నవ్వారు. "సోమవారం ఆఫీసుకి రా అమ్మాయ్. మంచి టేబులు మీద, పద్ధతిగా పెడతా." కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని ట్రక్కెక్కాడు.

సోమవారం వెళ్తే చేపలు పట్టడానికి వెళ్ళాడన్నారు. ఆ తర్వాత వెళ్తే పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళాడన్నారు. మళ్ళీ వెళ్ళినా పళ్ళ డాక్టరే. ఒక మనిషి నోట్లో ఉండాల్సినన్ని పళ్ళకంటే ఎక్కువే పీకించుకున్నాడు ఆ సెప్టెంబరులో. వెల్డాకి విషయం అర్థమైంది. సెప్టెంబరు అయిపోతే కంపెనీలు ఈ మార్పుల కిటికీ మూసేస్తాయి. తర్వాత సంతకం పెట్టినా జనవరిదాకా చెల్లదు. అతను ఆ రోజు కోసం చూస్తున్నాడు.

శుక్రవారం సాయంత్రం హైస్కూలు ఫుట్‌బాల్ ఆట. మా ఊళ్ళో ఆ పూట ఇంట్లో ఉండేది మంచం పట్టినవాళ్ళు మాత్రమే. గ్యారీ డీన్ స్కూలు జట్టుకి చందాల కోసమని ప్రతి ఆటకీ రేకుల షెడ్డులో ఏప్రాన్ కట్టుకుని హాంబర్గర్లు కాల్చేవాడు. అక్కడినుంచి పారిపోవడం అతనివల్ల కాదు, ముందు ఊరంతా వరసలో ఉంటుంది. వెల్డా ఆ వరసలోనే నిలబడింది. తన వంతు రాగానే డబ్బు ఇచ్చి, ఇంకో కాగితం తీసి ఆవ సాసు సీసా పక్కన పెట్టింది.

"ఉల్లిపాయలుండాలా?" అన్నాడు తలెత్తకుండానే.

"సంతకముండాలి."

తలెత్తి చూశాడు. గరిటె పక్కవాడి చేతికిచ్చి ఆమెని షెడ్డు వెనక్కి తీసుకెళ్ళాడు. ఈసారి నవ్వలేదు.

"నేను నీకేం తక్కువ చేశాను వెల్డా? చెప్పు. ఆ హోటల్లో ఏడుస్తూ కూర్చున్నప్పుడు నీ ఎదురుగా వచ్చి కూర్చుంది ఎవరు?"

"నువ్వే. అప్పుడూ థాంక్స్ చెప్పాను, ఇప్పుడూ చెప్తున్నా, చచ్చేదాకా చెప్తా. దానికీ దీనికీ ముడి పెట్టకు. నా మనుషుల్ని కొండ అవతల ఆసుపత్రికి తోలమంటే నేను తోలను."

"నీ మనుషులా? వాళ్ళు నా సంస్థ మనుషులు."

"అట్లాగా? అయితే బర్ల్ కూంబ్స్‌కి ఏ ఊపిరితిత్తి చెడిందో చెప్పు. ఎడమదా, కుడిదా?"

అతను ఏప్రాన్‌కి చేతులు తుడుచుకున్నాడు. "అందరూ అదే అమ్ముతున్నారు. నీ ఒక్కదానికే వచ్చిందా నొప్పి?"

"సరే, అమ్ముదాం. ముందు మీ అమ్మకి అమ్ము. ఆ తర్వాత నేను అందరికీ అమ్ముతా."

గ్యారీ డీన్ తల్లి జెల్లా కూడా వెల్డా పాలసీ రాసిన మనిషే. కొడుక్కి తల్లి దగ్గర గంటసేపు కూర్చుని సన్నక్షరాలు చదివే ఓపిక ఎన్నడూ లేదు. ఆవిడ వారం వారం గుట్ట మీది ఆసుపత్రిలో గుండె డాక్టరు దగ్గరికి వెళ్తుంది.

"అమ్మ సంగతి వేరు" అన్నాడు.

"ఏం వేరు?"

అటుపక్క గ్రౌండులో ఎవరో గోల్ దాకా పరిగెత్తినట్టున్నారు, జనం అరుస్తున్నారు.

"సంతకం పెట్టను. సీజన్లో నా మంచి ఏజెంటుని వదులుకోడానికి నేనేమన్నా పిచ్చోణ్ణా? జనవరిలో కనపడు, చూద్దాం. కాదూ కూడదంటావా, ఆరు నెలలు చేతులు కట్టుకుని కూర్చో. ఎన్నాళ్ళు కూర్చుంటావో నేనూ చూస్తా."

"కూర్చుంటా."

"ఏం తింటావ్?"

"ముందు నా హాంబర్గర్ ఇవ్వు. డబ్బులిచ్చేశా" అంది వెల్డా.

మర్నాడు పొద్దున్నే కంపెనీలన్నిటికీ కబురు పంపింది, తాను వెళ్ళిపోతున్నానని. ఆరు నెలల గడియారం మొదలైంది. ఆమె మొగుడు ఎల్డన్ స్కూలు బస్సు నడుపుతాడు. ఎక్కువ మాట్లాడడు. అంతా విని, "అయితే ఈ చలికాలమంతా బీన్సూ మొక్కజొన్న రొట్టే అన్నమాట" అన్నాడు.

"అంతే."

"నిన్న కూడా అదేగా తిన్నాం. తేడా ఏముంది?"

వెల్డా నవ్వింది గాని ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఏజెంటుకి ఏడాదంతా తిండి పెట్టేది ఆ కొద్ది వారాలే. ఆమెకి భయంగా ఉంది. మొండికి పోయి ఇల్లు ముంచుకుంటున్నానా అని కూడా అనిపించింది. అయినా ఆ హాల్లో వాళ్ళు నవ్విన నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా భయంకన్నా కోపమే ముందు నిలబడేది.

అక్టోబరులో ఫోన్లు మొదలయ్యాయి. "వెల్డా, పాత ప్లాన్ పోయిందని ఉత్తరమొచ్చింది, నువ్వెప్పుడొస్తావే?" అని. ఈ ఏడాది నేను రాయకూడదు అని చెప్పేది. మరెవరొస్తారు అంటే ఏం చెప్పాలో తెలిసేది కాదు. ఎవరొస్తారో త్వరలోనే ఊరందరికీ తెలిసింది. సిల్వర్ మెడో అని గుండె మీద రాసున్న చొక్కాలు వేసుకుని గ్యారీ డీన్ కుర్రాళ్ళు బుట్టలు మోసుకుంటూ లోయలన్నీ ఎక్కి దిగుతున్నారు.

ఒకరోజు కిరాణా కొట్లో బర్ల్ కూంబ్స్ కనపడ్డాడు. గనిలో పనిచేసి పనిచేసి నాలుగడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకునే మనిషి.

"సంతకం పెట్టేశానే వెల్డా. కుర్రాడు మంచోడే. బుట్టలో ఇంత పంది హామ్ ఉంది."

"మీ డాక్టరున్నాడా అందులో?"

"ఉంటాడుగా, ఎందుకుండడు?"

"లేడు బర్ల్ మామా. మీ డాక్టరు లేడు, మన ఆసుపత్రే లేదు. కొండ దాటి పోవాలి నువ్వు."

బర్ల్ తోపుడు బండి పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "హామ్ తినేశానే" అన్నాడు, అదేదో అడ్డమైనట్టు.

"తింటే తిన్నావులే. గడువు అయిపోయేలోపు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, ఆఖరున చెప్పిందే నిలుస్తుంది."

"మార్చేదెవరు? నువ్వు రాయకూడదంటున్నావు."

అప్పుడు తట్టింది వెల్డాకి. అతని పర్సులోంచి, అరవై అయిదు దాటినవాళ్ళకి వైద్యం కోసం గవర్నమెంటు ఇచ్చే మెడికేర్ కార్డు తీయించి వెనక్కి తిప్పింది. అక్కడ ఒక ఫోన్ నంబరు అచ్చేసి ఉంటుంది. డబ్బులు పడవు. ఎవరైనా ఫోన్ చేసి, నాకు ఫలానా ప్లాన్ కావాలంటే గవర్నమెంటు మనిషే రాసుకుంటుంది. మధ్యలో ఏజెంటు ఉండడు, ఏజెంటు మీద గ్యారీ డీన్ ఉండడు, ఎవరికీ పైసా రాదు. అందుకే ఈ వ్యాపారంలో ఆ నంబరు ఊసు ఎవరూ ఎత్తరు. జైలుకెళ్ళిన బాబాయి పేరు పండగపూట భోజనాల దగ్గర ఎత్తనట్టే. వెల్డా కూడా ఇన్నేళ్ళూ ఎత్తలేదు.

"నువ్వే చెయ్యాలి బర్ల్ మామా."

"నేనా? నాకు టీవీ రిమోటే చేతకాదు."

"నేను పక్కన కూర్చుంటా."

ఆ పక్కన కూర్చోవడం ఒక్క బర్ల్‌తో ఆగలేదు. ఆ వారం తిరిగేసరికి బాప్టిస్టు చర్చి కింది గదిలో పొడుగు బల్ల వేసి, స్పీకరున్న ఫోను పెట్టి, మడత కుర్చీలు వేశారు. వెల్డా అక్కడ రెండే నియమాలు పెట్టింది. ఎవరి నంబరు వాళ్ళే నొక్కాలి. ఫోన్లో ఎవరి మాట వాళ్ళే మాట్లాడాలి. తను చేసేది సన్నక్షరాలు పైకి చదవడం, మీ డాక్టరు ఇందులో ఉన్నాడు, ఇందులో లేడు అని వేలు పెట్టి చూపించడం. లైన్ దొరికేదాకా ఫోన్లో వాయించే సంగీతానికి కొందరు ముసలమ్మలు పాదాలు ఆడించేవాళ్ళు. ఎవరో ఒకరు కుండ నిండా బీన్స్ తెచ్చేవాళ్ళు. ఎల్డన్ బస్సు ఖాళీగా ఉన్న పూటల్లో చర్చి వ్యాను తీసి, కార్లు లేనివాళ్ళని ఇళ్ళ నుంచి ఎక్కించుకొచ్చేవాడు.

ఒకసారి వ్యాను కడుగుతూ అతనే అన్నాడు. "ఆ నంబరు ద్వారా మారిన ప్రతి మనిషీ నీ పేరు మీంచి పోతాడుగా. పాతవాళ్ళ మీద ఏడాదికోసారి వచ్చే కమీషను కూడా పోతుంది."

"పోతుంది."

"నువ్వు కూర్చున్న కొమ్మనే నరుక్కుంటున్నావ్."

"అదే కొమ్మ మీద ఆ గ్యారీ డీనూ కూర్చున్నాడుగా" అంది వెల్డా.

ఎల్డన్ కాసేపు వ్యాను చక్రం తుడిచి, "అయితే గట్టిగా నరుకు" అన్నాడు.

నవంబరు చివర్లో గ్యారీ డీన్ వచ్చాడు. వాన పడుతోంది. మెట్లు దిగి గుమ్మంలో నిలబడి టోపీ దులుపుకున్నాడు. కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. అందులో సగంమందికి అతను పేరు పెట్టి నమస్కారం పెట్టాడు. వాళ్ళూ పెట్టారు, కొంచెం ఆలస్యంగా. తర్వాత వెల్డా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. ఆ గది కప్పు తక్కువ ఎత్తు. గుసగుస కూడా గోడలకి తగిలి వెనక్కి వస్తుంది.

"ఎందుకు వెల్డా ఇదంతా? నా కుర్రాళ్ళు ఇంటికెళ్తే తలుపు సందులోంచి కార్డు తిప్పి చూపిస్తున్నారట జనం. సిల్వర్ మెడో వాళ్ళు నన్ను పిలిచి అడుగుతున్నారు."

"ఏమని చెప్పావ్?"

అతను జేబులోంచి ఒక మడత కాగితం తీశాడు. ఆగస్టులో ఆమె బానెట్ మీద పెట్టిన కాగితమే అది. అంచులు నలిగి ఉన్నాయి. "ఇదిగో. సంతకం పెడతా. ఇక్కడే, ఇప్పుడే. జనవరి రాగానే నువ్వు ఎక్కడికైనా పో. ఈ బల్ల ఎత్తేయ్, అంతే. ఇంకేం అడగను."

వెల్డా మనసులో లెక్క వేసుకుంది. ఆ సంతకముంటే వసంతం దాకా ఆగక్కర్లేదు. కొత్త ఏడు రాగానే పనిలో పడొచ్చు. ఇంటి కప్పు కారుతోంది, ఎల్డన్ రెండేళ్ళుగా అదే పాత కోటు వేసుకుంటున్నాడు. ఇన్ని తెలిసీ వద్దనడానికి ఎంత బలం కావాలో అంత బలం తనకుందని ఆమెకి నమ్మకం లేదు. కుర్చీలవైపు చూసింది. అందరూ బూట్లవైపు చూసుకుంటున్నారు. ఆమె సరేనన్నా వాళ్ళు ఏమీ అనరు. అదే ఆమెకి గుచ్చుకుంది.

"నేను అడిగిన రోజు దీనికి ధర లేదు గ్యారీ డీన్. ఊరికే పెడతానన్నావు, మైకు పట్టుకుని అన్నావు. ఇప్పుడు ధర చెప్తున్నావు. నాకొద్దు, నేను కొనను."

"మొండిఘటానివే నువ్వు!"

"నువ్వే కదా పని నేర్పింది. కుక్క మొరిగినంతమాత్రాన గుమ్మం దిగిపోవద్దని చెప్పింది ఎవరు?" అంది. తర్వాత గొంతు పెంచి, "ఎవరిది వంతు?" అని అడిగింది.

"నాదే" అంది వెనక వరసలోంచి ఒక గొంతు.

పెద్ద ఒళ్ళున్న బర్ల్ కూంబ్స్ పక్కకి జరిగితే అతని వెనకనుంచి జెల్లా లేచింది. ఒళ్ళో ఎండు ఆపిల్ ముద్ద పూసి పొరలు పొరలుగా పేర్చిన కేకు పెట్టుకుని పొద్దుట్నుంచీ అక్కడే కూర్చుని ఉంది. కేకు బల్ల మీద పెట్టి, మెల్లగా వచ్చి ఫోన్ ముందు కుర్చీలో కూర్చుంది.

"అమ్మా! నువ్విక్కడేం చేస్తున్నావ్? పద, ట్రక్కెక్కు, ఇంటిదగ్గర దింపుతా."

"పొద్దుట్నుంచీ కూర్చుంటే ఇప్పుడొచ్చింది నా వంతు. నేనెక్కడికీ రాను. వెల్డా, నంబరు చదవవే."

"మీరే నొక్కాలి జెల్లా అత్తా. ఇక్కడ అదీ పద్ధతి."

"నొక్కుతాలేవే, నాకు వేళ్ళు లేవా?"

వంకర తిరిగిన వేలితో ఒక్కో అంకే నొక్కింది. ఒకసారి తప్పుపోయింది. మళ్ళీ మొదట్నుంచి నొక్కింది. గ్యారీ డీన్ టోపీ చేతుల్లో తిప్పుకుంటూ నిలబడ్డాడు. సంగీతం వాయించి వాయించి ఆగి, ఎక్కడో దూరపు ఊరినుంచి ఒక పడుచుపిల్ల గొంతు పలికింది. పేరూ పుట్టిన తేదీ అడిగింది. ఏ ప్లాన్ కావాలంది.

"రిడ్జ్‌లైన్" అంది జెల్లా.

"అలాగే మేడం. మీ కౌంటీలో సిల్వర్ మెడో అనే ప్లాన్ కూడా ఉందండి. దాంట్లో పళ్ళ వైద్యం, కిరాణా కార్డు ఉన్నాయి. ఆ వివరాలు కూడా చెప్పమంటారా?"

"వద్దులేమ్మా. అది మా అబ్బాయి అమ్ముతాడు. ఊరందరికీ అమ్మాడు. నాకు మాత్రం అమ్మలేదు."

గదిలో ఎవరూ నవ్వలేదు. ఎల్డన్ బీన్స్ కుండలో గరిటె పెట్టబోయి ఆగిపోయాడు. జెల్లా కొడుకువైపు తిరగలేదు. ఆవిడ దెప్పడానికి అనలేదు, ఉన్న మాట అంది. అందుకే అది అంత లోతుగా దిగింది.

గ్యారీ డీన్ మెట్లెక్కి బయటికి వెళ్ళిపోయాడు.

కింది గది కిటికీలు నేలమట్టంలో ఉంటాయి. వాటిలోంచి చూస్తే కనపడేవి చక్రాలూ బూట్లూ మాత్రమే. వెల్డా జెల్లాకి సన్నక్షరాలు చదువుతూనే ఓరగా అటు చూసింది. ట్రక్కు ముందు చక్రం పక్కన అతని బూట్లు వానలో నిలబడి ఉన్నాయి. ఇంజను స్టార్టవుతుందేమోనని చూసింది. కాలేదు. బూట్లు కదలకుండా అక్కడే చాలాసేపు ఉన్నాయి. ఫోన్లో పిల్ల, "అయిపోయిందండీ జెల్లా గారూ, జనవరి ఒకటి నుంచి మీరు రిడ్జ్‌లైన్" అంది. కుర్చీల్లో ఎవరో చప్పట్లు కొట్టారు, తర్వాత అందరూ కొట్టారు.

ఆ చప్పట్లలోనే గ్యారీ డీన్ మళ్ళీ మెట్లు దిగాడు. టోపీ లేదు. జుట్టంతా తడిసింది. చేతిలో కాగితం మీద వాన చుక్కలున్నాయి, కింద అతని పేరుంది, నల్ల ఇంకు అక్కడక్కడ పాకి.

"బానెట్ తడిగా ఉంది. కొంచెం అలుక్కుపోయింది" అన్నాడు.

వెల్డా తీసుకోడానికి లేవలేదు. "జనవరిదాకా ఇది ఎందుకూ పనికిరాదని తెలుసుగా?" అంది.

"తెలుసు."

"అప్పటిదాకా ఈ బల్ల ఇక్కడే ఉంటుంది. గడువు ఆఖరి రోజుదాకా."

"అదీ తెలుసులే."

"అయితే కాగితాన్ని ఆ కేకు పళ్ళెం కింద పెట్టు, ఎగిరిపోకుండా."

పెట్టాడు. పెట్టి వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాడు, బడిలో పేరు పిలవని పిల్లాడిలా. జెల్లా కొడుకుని పైనుంచి కిందికి చూసి, తన రుమాలు తీసి అతని చేతిలో పెట్టింది. తల తుడుచుకోమంది.

"ఉండాలనుంటే వరస చివర కూర్చో" అంది వెల్డా. "ఇక్కడ వంతు లేనిదే ఎవరూ ముందుకి రారు. తర్వాత ఎవరు? రండి, కార్డు వెనక్కి తిప్పి పట్టుకోండి."